అక్కకు నేర్పిన తెలుగు

ప్రొద్దుటూరు,
12 జులై 1956.

అక్కకు, నీ తమ్ముడు యూనుస్ సలాములు.

టీచర్ల ట్రైనింగ్ స్కూల్లో చేరి నెల కావస్తోంది. హాస్టల్లో అన్నం బాగానే ఉంది. నీవు కుట్టి ఇచ్చిన నీలం చొక్కా పండగలకని దాచుకున్నాను.

అక్కా, ఇన్నాళ్ళూ మాట అంటే నోటికొచ్చింది అనేయడమే అనుకున్నాను. మా తెలుగు పండితులు విశ్వపతి గారు కృష్ణా జిల్లావారు. ఆయన ‘శనగలు’ అంటే ఆ ‘శ’ నాలుక మీద మెత్తగా జారుతుంది. మనం ‘సెనిగలు’ అంటే పళ్ళ కింద ఇసుక పడ్డట్టుంటుంది. ఆయన పాఠం విన్నాక బజారులో నడవలేకపోతున్నాను. బస్టాండు దగ్గర హోటలు మీద ‘శాఖాహార భోజనశాల’ అని బోర్డు. శాఖ అంటే కొమ్మ. శాకం అంటే కూర. ఊరంతా రోజూ అక్కడ కొమ్మలు తినిపోతున్నారన్నమాట. మా గుమాస్తా ‘విధ్యార్థి’ అని రాస్తాడు. ఈ ఊరివాళ్ళు తమ ఊరి పేరే సరిగా పలకరు, ‘పొద్దుటూరు’ అంటారు. మన పులివెందుల ‘పులేందల’ అయి ఎన్నాళ్ళయిందో.

నవ్వకు. నాకు ఇవన్నీ చెవిలో దోమల్లా ఉన్నాయి. ఎవరికైనా చెప్పకపోతే నిద్రపట్టదు. ఐదో తరగతి దాకా చదివినదానివి, నీకైతే అర్థమవుతుందని రాస్తున్నాను. బావకు చదివి వినిపించు.

నీ తమ్ముడు,
యూనుస్.


కొండాపురం,
20 ఆగస్టు 1956.

తమ్ముడు యూనుస్‌కు కొండాపురం నించి అక్క సైదున్నీసా దువా చేసి రాసేది.

నీ జాబు చదివితే మీ బావ శానా నవ్వినాడు. “ఆ బోర్డు కింద కూచోని నేను గుడక తిన్న్యా, కొమ్మలేం పెట్టలేదే” అన్న్యాడు. అది మొన్నటి మాట. ఇప్పుడు నవ్వేటోడు ఇంట్లో లేడు.

పోయిన శుక్రవారం రాత్రి పెద్దింటోళ్ళ గడ్డివామి కాలిపోయింది. తెల్లారి పోలీసోళ్ళు వచ్చి మీ బావను తోలకపోయినారు. అంటిచ్చింది ఈయనేనంట. కండ్లారా చూసినామని వాళ్ళ జీతగాండ్లు ఇద్దరు చెప్తాండారు. ఎందుకో నీకు తెల్సు. ఆ పొలం తగాదాలో వాళ్ళ పక్క సాక్షి చెప్పమంటే “చూడనిది చెప్పను” అన్న్యాడు మీ బావ. ఆ మాట వాళ్ళు మనసులో పెట్టుకున్న్యారు.

ఆ పొద్దు సందకాడ్నించి ఆయనకు చలిజరం. ఇంట్లో ఉండే బొంతలన్నీ కప్పినా వణుకు తగ్గలా. కాళ్ళు బండరాళ్ళ మాదిరి సల్లగా ఉంటే నా కాళ్ళు ఆయన కాళ్ళకు ఆనిచ్చుకోని పండుకున్న్యా. వామి కాలేటప్పుడు కేకలు ఇనపడినాయి. “ఆర్పను పోవల్ల, లేయనీ” అని లేసినాడు. నేనే రెక్క పట్టుకోని పోనీలా. పోయింటే ఊరంతా చూసేది, ఇంట్లోనించి వచ్చినాడని. నా చేతులారా నేనే చేసుకున్న్యా.

పక్కింటి వసంతమ్మ దీపాలు పెట్టే యాళకు నిప్పుకోసరం వచ్చి ఆయన పండుకున్నది చూసింది. ఆ తరవాత చూసిందాన్ని నేనొక్కదాన్నే. కోర్టులో నేను చెప్పల్లంట. నాకు శానా భాదగా ఉండాది. ఏం చెయ్యల్లో రాయి.

అక్క సైదున్నీసా.


ప్రొద్దుటూరు,
28 ఆగస్టు 1956.

అక్కకు సలాములు.

జాబు చూసి చాలా దిగులుపడ్డాను. బావ ఎటువంటివాడో అందరికీ తెలుసు. ధైర్యంగా ఉండు.

ఒక సంగతి చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. నీ జాబును ఎర్ర సిరాతో దిద్ది దీనితోపాటు తిరిగి పంపుతున్నాను. ‘గుడక’ కాదు, ‘కూడా’. ‘శానా’ కాదు, ‘చాలా’. ‘ఉండాది’ కాదు, ‘ఉంది’. ‘భాద’ అన్న మాటే లేదు, ‘బాధ’. వత్తు మొదటి అక్షరానికి కాదు, రెండోదానికి. ఇది నీ ఒక్కదాని తప్పు కాదు, జిల్లా అంతా ఇంతే.

ఎందుకు చెబుతున్నానంటే, నీవు ఇక బోనెక్కి మాట్లాడాలి. మేజిస్ట్రేటు గారు గుంటూరు వైపు వారని విన్నాను. నీవు ‘యాడ’, ‘ఏంది’ అంటే ఆయన చెవికి ఎలా ఉంటుందో నాకు తెలుసు. చేరిన కొత్తలో ఒకరోజు పండితులు గారు హాజరు పిలిచి “యూనుస్ ఎక్కడ?” అన్నారు. “ఈడనే ఉండా సార్” అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు, జాలిపడ్డారు. “పాపం, సాయిబుల పిల్లవాడివి. నీకు తెలుగు రాకపోవడం నీ తప్పు కాదులే” అన్నారు. అక్కా, మన ఇంట్లో తెలుగు తప్ప ఇంకో భాష ఉందా? హాస్టల్లో ఖాదర్‌వాళ్ళు ఉర్దూ రాదని నన్ను తమలో కలుపుకోరు. మన దూది ఏకేవాళ్ళకి మతమూ సగమే, మాటా సగమే అంటారు. ఆ రోజే అనుకున్నాను, ఈ రెండో సగం, మాట, ఎవరూ వేలెత్తి చూపకుండా పూర్తి చేసుకుంటానని.

నిన్ను చూసి ఎవరూ అలా జాలిపడకూడదు. నీ సాక్ష్యం నేను మంచి తెలుగులో రాసి పంపుతాను. నీవు నేర్చుకుంటే చాలు.

యూనుస్.


కొండాపురం,
16 సెప్టెంబరు 1956.

తమ్ముడికి అక్క దువా.

నా జాబు నాకే తిరిగొచ్చింది. కోడిని కోసినట్టు ఎర్రగా ఉండాది. జాబు ఇప్పుతాంటే వసంతమ్మ చూసి, “ఏంది సైదమ్మా, జాబు రాసిన పిల్లోని ముక్కులోనించి రక్తం కారిందా ఏంది?” అనింది. నా తమ్ముడు దిద్దినాడక్కా అంటే, “ఏడుస్తా రాసిందాన్ని గుడక దిద్దుతారా, ఇస్కూల్లో?” అనింది.

నీకు గుర్తుందా, దూది ఏకినాక నేల మీద పడిన తెల్లదుమ్ములో నీ యేలు పట్టుకోని అ ఆ దిద్దిచ్చింది నేను. అప్పుడు నువ్వు ‘ఆ’ను తిరగేసి రాస్తా ఉంటివి. నేను కొట్టలేదు. ఊరికే గుర్తొచ్చి రాస్తాండా.

వకీలును కలిసినా. “చూసింది చూసినట్టు, ఇంట్లో చెప్పినట్టు చెప్పమ్మా, సాలు” అన్న్యాడు. నువ్వేమో మంచి తెలుగు అంటాండావు. ఎవరి మాట ఇనల్ల? మీ బావను సబ్‌జైల్లో చూసొచ్చినా. నీ సంగతి చెప్తే, “వాడు చదువుకున్నోడు, మన ఇండ్లల్లో మొదటోడు. వాడు చెప్పినట్టు చేయి” అన్న్యాడు. నీ మింద ఆయనకు అంత నమ్మకం. పంపియ్యి.

సైదున్నీసా.


ప్రొద్దుటూరు,
3 నవంబరు 1956.

అక్కకు సలాములు.

ఆలస్యానికి కారణం ఉంది. మొన్న ఒకటో తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన సందర్భంగా మా స్కూల్లో వక్తృత్వపు పోటీ జరిగింది. విషయం ‘మన తెలుగు’. అక్కా, మొదటి బహుమతి నాది. తెలుగువాళ్ళందరమూ ఒక ఇంటివాళ్ళమయ్యాము, ఇక మాట కూడా ఒకటి కావాలి అని ముగించాను. విశ్వపతి గారు భుజం తట్టి, “నీవు సీమవాడివంటే ఎవరూ నమ్మరయ్యా” అన్నారు. ఆ రాత్రంతా ఆ మాటే తలుచుకుంటూ పడుకున్నాను.

నీ సాక్ష్యం ఇది. అక్షరం పొల్లుపోకుండా నేర్చుకో:

“ఆ దినము సాయంకాలము మొదలుకొని నా భర్త తీవ్రమైన చలిజ్వరముచే పీడింపబడి గృహమునందే శయనించి యుండెను. రాత్రి యంతయు నేను ఆయన చెంతనే యుంటిని. ఆయన గడప దాటి వెలుపలికి పోలేదు. ఆయన నిర్దోషి.”

వకీలు చెప్పింది పట్టించుకోకు. ఆయన కూడా ‘ఆసుపత్తిరి’ అనే మనిషే. బొంతలూ, కాళ్ళూ ఆనించుకోవడమూ తీసేశాను. అవి నలుగురిలో చెప్పే మాటలు కావు. ఆర్పడానికి లేచాడన్నదీ తీసేశాను, అది అనవసరం. తొందరపడకుండా, తలెత్తి చెప్పు. వాయిదా రోజు నేను తప్పకుండా వచ్చి నీ వెనుక నిలబడతాను.

యూనుస్.


కొండాపురం,
18 నవంబరు 1956.

తమ్ముడికి అక్క దువా.

బహుమతి వచ్చినందుకు సంతోషం. అమ్మకు పులేందలకు మనిషితో చెప్పి పంపినా.

నీ మాటలు నోటికి వచ్చినాయి. విల్లు మీటతా, దూది ఏకతా చెప్పుకుంటాండా. విల్లు ‘టుంయ్ టుంయ్’ మంటాంటే వాటికి తాళం గుడక కుదిరింది. ‘శయనించి’ కాడ నాలిక తిరగలా, రెండు దినాలు పట్టింది. వసంతమ్మ ఇని, “ఏందమ్మీ, హరికథ చెప్తాండావా, సాక్షి చెప్తాండావా?” అంటాది. ఆమెకు సదువు లేదులే.

ఒకటే ఇబ్బంది. నా మాటల్లో చెప్పుకుంటే ఆ రాత్రి కండ్లకు కట్టినట్టు కనపడతాది. ఆయన వణుకు, ఆ కేకలు, నేను రెక్క పట్టుకునింది. నీ మాటల్లో చెప్తాంటే ఏమీ కనపడదు. ఎవరి మొగుడో, ఎవరి ఇల్లో అనిపిస్తాది. అట్ల ఉంటే పర్వాలేదా? ఎవరన్నా మధ్యలో ఏదన్నా అడిగితే నేను యాడ్నించి ఎత్తుకోవల్ల? అది నువ్వు రాయలా.

వాయిదా ఇరవై ఎనిమిదిన, జమ్మలమడుగులో. అమ్మ గుడక వస్తాది. నువ్వు కనపడితే నాకు ధైర్యం. నీలం చొక్కా ఏసుకోని రా, గుంపులో ఎతుక్కునే పని ఉండదు.

సైదున్నీసా.


ప్రొద్దుటూరు,
2 డిసెంబరు 1956.

అక్కకు సలాములు.

రాలేకపోయాను. సరిగ్గా ఆ రోజే ఇన్‌స్పెక్టరు గారు వచ్చి మా చేత పాఠాలు చెప్పించారు. సెలవు అడిగే వీలు లేకపోయింది. ఏం జరిగిందో రాయి. నీవు బాగా చెప్పి ఉంటావని నా నమ్మకం.

యూనుస్.


పులివెందుల,
22 డిసెంబరు 1956.

తమ్ముడికి.

కొండాపురంలో ఇల్లు తాళమేసి అమ్మ కాడికి వచ్చేసినా. విల్లు వసంతమ్మ ఇంట్లో పెట్టినా. మీ బావకు ఏడాదిన్నర పడింది.

ఏం జరిగిందో రాయమన్న్యావు కదా, రాస్తా.

ముందు వసంతమ్మను పిలిచినారు. ఎప్పుడూ మాట్లాడినట్టే చెప్పింది. “నిప్పుకోసరం పోతి సామీ, ఆయప్ప బొంతల కింద మూలగతాండాడు. జూసి ‘ఏందప్పా’ అంటి, పలకలా.” కోర్టులో రొంత నవ్వినారు. మేజిస్ట్రేటు దొర గుడక నవ్వినాడు, నవ్వి రాసుకున్న్యాడు. అయితే ఆమె చూసింది దీపాలు పెట్టేటప్పుడు. వామి కాలింది ఊరు పండుకున్న్యాక.

తరవాత నన్ను ఎక్కిచ్చినారు. తలెత్తి, తొందరపడకుండా, నువ్వు రాసిందంతా చెప్పినా. ఒక్క అక్షరం పోలా. ‘శయనించి యుండెను’ గుడక సరిగ్గా పలికినా. ఎవరూ నవ్వలా. దొర కలం కింద పెట్టి నా మొకం చూసినాడు. వకీలు తల పట్టుకున్న్యాడు.

సర్కారు వకీలు మెల్లగా లేసినాడు.

“ఏం పని చేస్తావమ్మా?”

“దూది ఏకతా.”

“యాడ చదివినావు?”

“ఐదో తరగతి. పులేందల్లో.”

“ఐదో తరగతిలో ‘పీడింపబడి’ అని నేర్పినారా?”

“లేదు సామీ” అంటి.

“ఇదంతా ఎవరు నేర్పినారు తల్లీ?”

ప్రమాణం చేసింటి కదా. “మా తమ్ముడు” అంటి.

“ఏం నేర్పినాడు?”

“ఎట్ల మాట్లాడల్లో నేర్పినాడు.”

“ఏం మాట్లాడల్లో గుడక నేర్పినాడా?”

లేదు సామీ, అది జరిగిందే, అని ఎత్తుకున్న్యా. బొంతలు చెప్పబోయినా, కాళ్ళు చెప్పబోయినా, రెక్క పట్టుకునింది చెప్పబోయినా. అన్నీ ఒకటే తూరి నోటికొచ్చి ఏడుపొచ్చింది. ఆ సర్కారు వకీలు, దొర తట్టు తిరిగి, “చూడండి, పాఠం అయిపోయింది, ఇప్పుడు కొత్తది అల్లుతాంది” అన్న్యాడు. దొర చేయెత్తి సాలన్న్యాడు.

మళ్ళా ఆ వకీలే అడిగినాడు. “ఆ తమ్ముడు ఈడ ఉన్నాడా?”

“రాలేదు” అంటి.

బయటికి వచ్చినాక మన వకీలు తిట్టినాడు. “ఆ పిల్లోడు ఈడ ఉండింటే బోనెక్కిచ్చి, ‘మాటలే దిద్దినా, సంగతి ఆమెదే’ అని చెప్పిచ్చేవాణ్ణి. అదొక్కటే దావ ఉండె” అన్న్యాడు. తీర్పులో ‘నేర్పిన సాక్ష్యం, నమ్మేదానికి లేదు’ అని ఉందంట.

నీకు పని ఉండె. రాకపోయినందుకు ఏమనుకోలా. ఏదన్నా చెప్పల్లనుకుంటే రాయి.

సైదున్నీసా.


ప్రొద్దుటూరు,
11 జనవరి 1957.

అక్కా,

నీ జాబు వచ్చి శానా దినాలైంది. ఏం రాయల్లో తెలీక రాయలేదు. నేను చేసింది తప్పు. నీ మాటల్లో నువ్వు చెప్పింటే బావ ఇంట్లో ఉండాదు. క్లాసులో పండితులు గారు ‘బాధ’ ఎట్ల పలకల్లో చెప్తాంటే లేచి బయటికి పోయినా. నాకు ఇంక ఆ తెలుగు వద్దు. చూడు, మన మాటల్లోనే రాస్తాండాను. ఇంక ఎప్పుడూ నీ జాబు దిద్దను.

ఆ రోజు నేను వచ్చింటే ఎంత బాగుండునో. ఇన్‌స్పెక్టరు ఒక్కరోజు ముందు వచ్చింటే ఎట్లన్నా వచ్చేవాణ్ణి. వకీలుతో మాట్లాడి అప్పీలు వేయించు. అప్పుడు నేను వచ్చి చెప్తాను.

నన్ను తిట్టన్నా తిట్టు. రాయకుండా ఉండొద్దు.

నీ తమ్ముడు
యూనుస్.


పులివెందుల,
4 ఫిబ్రవరి 1957.

యూనుస్‌కు,

నీ లేఖ అందినది. మేమందరము క్షేమము. అమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గినవి. నా భర్తను గత వారము కడప జైలునందు చూచి వచ్చితిని. ఆయన కూడా క్షేమము.

సరిగ్గా రాసినానా? తప్పులుంటే దిద్దుకో. ఇంక ఇట్ల రాసేదానికి నాకు చేతగాదు.

నువ్వు మన మాటల్లో రాసినావని అమ్మకు చదివి ఇనిపిస్తే, “ఎవురే రాసింది? మన పిల్లోడు కాదే” అనింది. ‘బావ ఇంట్లో ఉండాదు’ అని రాసినావు. అట్ల ఎవరంటారు ఈడ? ‘ఉండేటోడు’ అంటాము. మన యాసలో నీకు తప్పులు పోతాండాయి. నేను దిద్దలా, అట్లనే పెట్టినా. నువ్వు ఏ మాట మంచిదనుకోని అంత కష్టపడి నేర్చుకున్న్యావో ఆ మాటలోనే ఉండు. రేపు పిల్లోళ్ళకు పాఠాలు చెప్పల్ల. ఇది నాకోసరం ఏసుకున్న ఏషం మాదిరి ఉండాది, నీకు నప్పలా.

అప్పీలు ఏసినా కాగితంలో ఉండేదే చదువుతారంట, కొత్తగా ఎవరి మాటా ఇనరంట. వకీలు చెప్పినాడు. నువ్వు చెప్పే కాలం అయిపాయ.

ఇన్‌స్పెక్టరు సంగతి రెండు తూర్లు రాసినావు. నేను ఒక తూరి అడగకుండా ఇడిసినా, రెండో తూరన్నా నిజం రాయనీ అని దావ ఇచ్చినా. నువ్వు మళ్ళా అదే రాస్తివి. అందుకే ఈ జాబు.

వాయిదా పొద్దు నువ్వు కోర్టు వరండా కిటికీ కాడ నిలబడింటివి. నీలం చొక్కా. నేను ‘తీవ్రమైన చలిజ్వరముచే’ అంటాంటే నీ పెదాలు గుడక నాతోబాటు కదిలినాయి. మీ బావ ఆ తట్టు బోనులోనించి నిన్ను చూసినాడు. సర్కారు వకీలు “ఆ తమ్ముడు ఈడ ఉన్నాడా” అని అడిగినప్పుడు నేను కిటికీ తట్టు చూసినా. నువ్వే లోపలికి వస్తావేమో అని రొంతసేపు చూసినా. నువ్వు స్తంభం ఎనక్కి పోతివి. మీ బావ నా తట్టు చూసి వద్దని తల అడ్డంగా ఊపినాడు. పిల్లోని చదువు పోతాదని ఆయన భయం. చూడనిది చెప్పనన్నందుకు జైలుకు పోయే మనిషి, చూసింది చెప్పొద్దని నాకు సైగ చేసినాడు, నీకోసరం.

“రాలేదు” అని చెప్పినా. ఆ మాట నువ్వు నేర్పలా. నా నోటితో, నా యాసలో, దేవుని మింద ప్రమాణం చేసిన నోటితో చెప్పినా.

ఆ పొద్దు కోర్టులో నేను ఆడిన అబద్ధం అదొక్కటే. వాళ్ళు నమ్మింది గుడక అదొక్కటే.

సైదున్నీసా.